పాటల బృందానికి సౌండ్ సిస్టమ్ – 5వ పాఠం: ఎంతమందికి ఎంత సౌండ్?

గత పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. 300 మంది వినే కార్యక్రమానికి ఎంత పవర్ కావాలి అని. జవాబులు పంపినవాళ్లలో ఎక్కువమంది 300ను ఐదుతో గుణించి 1500 వాట్లు అన్నారు. కొందరు పదితో గుణించి 3000 అన్నారు. కొద్దిమంది మాత్రం లెక్క చేయకుండా "ఆ 300 మంది ఎక్కడ కూర్చుంటారండీ?" అని అడిగారు. నాకు కావలసిన జవాబు ఆ ప్రశ్నే.

ఈసారి స్టేజీ మానిటర్ల గురించి, అంటే పాడేవాళ్లకు తమ పాట వినిపించే బాక్సుల గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. ఈ ముడి విప్పకుండా ముందుకు వెళ్తే మీరు డబ్బు తగలేస్తారు, జనం చెవులు పాడవుతాయి. కేబుళ్లు, కనెక్షన్లు, మిక్సర్ గెయిన్ ఇవన్నీ మొదటి మూడు పాఠాల్లో అయిపోయాయి కాబట్టి వాటి జోలికి పోను.

"మనిషికి ఐదు వాట్లు" అనే లెక్క షాపుల్లో, సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గర బాగా నడుస్తోంది. అది పూర్తిగా తప్పైతే ఎప్పుడో పోయేది. జనం ఎప్పుడూ ఒకే ఆకారంలో కూర్చుంటే అది పనిచేస్తుంది కూడా. 100 మంది చతురస్రంగా కూర్చున్న చోట 400 మందిని అదే తీరున కూర్చోబెడితే ఆఖరి వరుస రెట్టింపు దూరానికి పోతుంది. దూరం రెట్టింపైతే సౌండ్ 6 డెసిబెల్స్ (సౌండ్‌ను కొలిచే లెక్క) తగ్గుతుందని గత పాఠంలో చూశాం. ఆ 6 తిరిగి రావాలంటే పవర్ నాలుగు రెట్లు పెంచాలి. జనం నాలుగు రెట్లు, పవర్ నాలుగు రెట్లు, లెక్క కుదిరింది. కానీ మన దగ్గర జనం ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటారు. వీధి సన్నగా ఉంటే సన్నగా, మైదానమైతే వెడల్పుగా.

ఆ 300 మందినే రెండు చోట్ల కూర్చోబెట్టి చూద్దాం.

మొదటిది కల్యాణ మండపం. వరుసకు 20 కుర్చీలు, 15 వరుసలు. ఒక్కో వరుసకు 90 సెంటీమీటర్లు, ముందు కాస్త ఖాళీ. బాక్సు దగ్గర్నుంచి ఆఖరి కుర్చీ దాకా సుమారు 16 మీటర్లు. రెండోది సన్నటి వీధిలో వేసిన వినాయక చవితి పందిరి. వరుసకు ఆరు కుర్చీలకు మించి పట్టవు. 50 వరుసలు అవుతాయి. ఆఖరి కుర్చీ 48 మీటర్ల దూరంలో ఉంటుంది.

ఇక్కడ నా పద్ధతి చెబుతాను, కాగితం అక్కర్లేదు. బాక్సు ముందు ఒక మీటరు దగ్గర మొదలుపెట్టి దూరం రెట్టింపైన ప్రతిసారీ ఒక వేలు మడవండి. 2, 4, 8, 16, 32 మీటర్లు. ఐదు వేళ్లు అయిపోయాయి. వేలికి 6 డెసిబెల్స్ నష్టం. 16 మీటర్లంటే నాలుగు వేళ్లు, 24 డెసిబెల్స్. పవర్ వైపు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకా తక్కువ: 10 వాట్లకు 10 డెసిబెల్స్, 100 వాట్లకు 20, 1000 వాట్లకు 30. మధ్యలో వాట్లు రెట్టింపైతే 3 కలుపుకోవాలి.

మండపం లెక్క. మామూలు 12 అంగుళాల బాక్సు సెన్సిటివిటీ 97 అనుకుందాం. అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ వస్తుంది. 16 మీటర్ల దగ్గర 97 నుంచి 24 తీసేస్తే 73. రిసెప్షన్‌లో జనం మాట్లాడుకుంటూ ఉంటే ఆ గోలే 75 దాకా ఉంటుంది. పాట దానిమీద కనీసం 10 ఎక్కువ ఉంటేనే మాట తెలుస్తుంది, అంటే సగటున 85. ఢోలక్ దెబ్బలకు, గాయకుడు పైస్థాయికి వెళ్లినప్పటికి మరో 10 చేతిలో ఉంచుకోవాలి. మొత్తం 95. మనకున్నది 73. లోటు 22 డెసిబెల్స్. 100 వాట్లతో 20 వస్తుంది, మిగతా 2 కోసం 1.6 రెట్లు. 160 వాట్లు!

అవును, 300 మందికి 160 వాట్లు. గోడలున్న చోట సౌండ్ తిరిగి వస్తుంది కాబట్టి నిజమైన నష్టం ఇంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది. రెండు పక్కలా ఒక్కో బాక్సు, ఒక్కోటి అసలైన 200 వాట్లది పెట్టుకుంటే హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు పందిరి. 48 మీటర్లు అంటే 16కు మూడు రెట్లు. నాలుగు వేళ్ల మీద మరో 9.5 డెసిబెల్స్. జనం గోల అంతే ఉందనుకుంటే, లోటు 31.5. అంటే 1400 వాట్లు. అవే 300 తలలు, పవర్ తొమ్మిది రెట్లు. తలలతో గుణించినవాళ్లు రెండు చోట్లకూ ఒకే సిస్టమ్ తీసుకెళ్తారు. మండపంలో అవసరం లేని బరువు మోస్తారు, పందిట్లో వెనకవాళ్లకు వినిపించదు.

ఇక నన్ను బాగా విసిగించే సంగతికి వస్తాను. "అసలైన 200 వాట్లు" అని పైన ఎందుకన్నానంటే, బాక్సు మీద అచ్చువేసిన వాట్లలో చాలావాటికి అర్థం లేదు. జవాబులు పంపినవాళ్లలో "మా బాక్సు 2000 వాట్లదే, మరి ఎందుకు చాలట్లేదు?" అని అడిగినవాళ్లున్నారు. తప్పు మీది కాదు, అంకె వేసినవాళ్లది. కాబట్టి దీన్ని నిదానంగా చెబుతాను.

ఒకే బాక్సుకు మూడు అంకెలు ఉంటాయి. కంటిన్యువస్, అంటే గంటల తరబడి తట్టుకునేది. దీన్నే వాడుకలో ఆర్ఎంఎస్ అంటారు. ప్రోగ్రామ్, మామూలుగా దానికి రెట్టింపు. పీక్, నాలుగు రెట్లు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో 1600 అని ఉంటే లోపలి కాగితంలో కంటిన్యువస్ 400 అని సన్నక్షరాల్లో ఉంటుంది. పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెను చదవడమే దండగ. అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ దాని వెనక లేదు, అమ్మేవాడు ఎంతంటే అంత.

సరే, కంటిన్యువస్ వాట్లు తెలిశాయి. అయినా సౌండ్ ఎంతో తెలియదు. ఇదే అసలు ఉచ్చు. వాట్లు చెప్పేది బాక్సు ఎంత పవర్ తట్టుకుంటుందో. ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పేది సెన్సిటివిటీ. రెండు బాక్సులు తీసుకోండి. ఒకటి 250 వాట్లు, సెన్సిటివిటీ 100. ఇంకోటి 1000 వాట్లు, సెన్సిటివిటీ 94. మొదటిది 100కు 24 కలిపితే 124. రెండోది 94కు 30 కలిపితే 124. రెండూ ఒక్కటే! రెండోదానికి పెద్ద యాంప్లిఫైయర్ కావాలి, జనరేటర్ మీద బరువు ఎక్కువ, కాయిల్ వేడెక్కి రాత్రి గడిచేకొద్దీ సౌండ్ ఇంకా తగ్గుతుంది. అయినా షాపులో జనం రెండోదే ఎత్తుకుంటారు.

ఇంకా నమ్మకం కలగకపోతే మీ ఊరి గుడి మీద హారన్ చూడండి. 30 వాట్ల యూనిట్ ఊరి చివరి పొలం దాకా వినిపిస్తుంది. హారన్ సెన్సిటివిటీ 105 దాకా ఉంటుంది కాబట్టి 30 వాట్లతోనే 120 దగ్గరికి వెళ్తుంది. అదే 120 మన 97 బాక్సుతో రావాలంటే 200 వాట్లు పోయాలి. అలాగని పాటకు హారన్ కట్టకండి. కింది స్వరాలు అందులో రావు, బేస్ గిటార్, తబలా బాయా మాయమైపోతాయి. మాటకు, ప్రకటనకు హారన్, పాటకు బాక్సు.

బాక్సు కొనేటప్పుడు అడగాల్సినవి రెండే: సెన్సిటివిటీ ఎంత, కంటిన్యువస్ వాట్లు ఎంత. లోపల యాంప్ ఉన్న యాక్టివ్ బాక్సులైతే సెన్సిటివిటీ ఇవ్వరు, మాగ్జిమమ్ ఎస్పీఎల్ అని, అంటే బాక్సు ఇవ్వగల గరిష్ఠ సౌండ్ ఎన్ని డెసిబెల్సో ఇస్తారు. అది చాలావరకు పీక్ అంకె. నేను అందులోంచి 6 తీసేసి లెక్క మొదలుపెడతాను. ఈ మాటలకు షాపువాళ్లు జవాబు చెప్పలేకపోతే ఇంకో షాపుకి వెళ్లండి. ఇంకో మాట, ఇది నా ఇష్టం: గొంతు ముఖ్యమైన బృందానికి 15 అంగుళాల బాక్సుల కంటే మంచి 12లు మేలు. బేస్ చాలకపోతే విడిగా ఒక సబ్ వూఫర్ తెచ్చుకోవచ్చు.

మళ్లీ పందిరికి వద్దాం, ఎందుకంటే 1400 వాట్లు దొరికాయని సంతోషించేవాళ్లు ఉంటారు. ఒక చివర నుంచి 48 మీటర్ల దాకా 85 తోస్తే, 3 మీటర్ల దగ్గర ఎంత ఉంటుంది? దూరం పదహారు రెట్లు తగ్గింది, నాలుగు వేళ్లు, 24 డెసిబెల్స్. 85కు 24 కలిపితే 109. మన పందిళ్లలో ముందు చాప మీద కూర్చునేది ఎవరు? పిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పాటల వేదికల దగ్గర 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. 109 అంటే పవర్‌లో దానికి ఎనిమిది రెట్లు. వెనకవాళ్లకు వినిపించాలని పిల్లల చెవులు పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

అందుకని పొడవైన చోట పెద్ద బాక్సు వద్దు, రెండు జతలు పెట్టండి. ఒకటి స్టేజీ దగ్గర, ఇంకోటి 24 మీటర్ల దగ్గర. ఒక్కో జత 24 మీటర్లు చూసుకుంటే చాలు కాబట్టి ఒక్కోదానికి 360 వాట్లతో సరిపోతుంది. ముందు వరుస 103కు దిగుతుంది. బాక్సుల్ని స్టాండు మీద తలల కంటే బాగా పైకి ఎత్తి ముఖం వెనక వరుసల వైపు ఉంచితే ముందువాళ్లకు ఇంకా తగ్గుతుంది.

రెండో జతకు డిలే, అంటే సౌండ్‌ను కావాలనే కాస్త ఆలస్యంగా పంపడం, తప్పనిసరి. సౌండ్ ఒక మీటరు పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. స్టేజీ నుంచి 24 మీటర్లు రావడానికి 70. వైరులో వెళ్లిన సిగ్నల్ మాత్రం వెంటనే చేరుతుంది. అలాగే వదిలేస్తే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. మిక్సర్‌లో రెండో జత అవుట్‌పుట్‌కు డిలే 70 మిల్లీసెకన్లు పెట్టి, దానికి మరో 10 కలపండి. అప్పుడు పాట స్టేజీ వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. డిజిటల్ మిక్సర్లలో ఇది ఉంటుంది, చిన్న అనలాగ్ మిక్సర్లలో ఉండదు. లేకపోతే రెండో జత పెట్టకండి. దానికి బదులు నిర్వాహకులతో ముందే మాట్లాడి స్టేజీని వీధి చివర కాకుండా మధ్యలో ఒక పక్కకు వేయించండి. దూరం సగమైపోతుంది, పైసా ఖర్చు లేదు. నేనైతే డిలే ఉన్నా ముందు ఇదే అడుగుతాను.

పైగా వీధి అన్నాక ఇళ్లుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర లౌడ్‌స్పీకర్ల సౌండ్ ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్స్‌కు మించి గానీ, 75 గానీ, రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55. అంటే 65. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వచ్చు. ఒక చివర పెట్టిన పెద్ద బాక్సు జనాన్ని దాటి వెనక ఇళ్లలోకి దూసుకుపోతుంది. చిన్న బాక్సులు జనం మధ్య ఉంటే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

చిన్న చోటి గురించి రెండు మాటలు. రామాలయంలో 50 మంది భజన, ఆఖరివాళ్లు 8 మీటర్లలో. అందరూ మౌనంగా వింటారు, సగటు 75 చాలు, దెబ్బలకు 10 కలిపితే 85. మూడు వేళ్లు తీస్తే 97 కాస్తా 79. లోటు 6. నాలుగు వాట్లు. అక్కడ బాక్సు పని సౌండ్ పెంచడం కాదు, ఢోలక్ కింద నలిగిపోతున్న గొంతును పైకి తీయడం. ఢోలక్‌కు, తాళాలకు మైక్ పెట్టకండి. గొంతుకు, హార్మోనియంకు చాలు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైనప్పుడల్లా కూత (బాక్సు సౌండ్ మళ్లీ మైకులోకి వెళ్లి వచ్చే కీచు) రావడానికి 3 డెసిబెల్స్ దగ్గరవుతారు.

అభ్యాసం. ఈసారి కుర్చీలో కూర్చుని చేసేది కాదు. మీ ఊళ్లో మూడు చోట్లకు వెళ్లండి: ఒక ఫంక్షన్ హాలు, ఒక గుడి, ఒక వీధి లేదా మైదానం. స్టేజీ నుంచి ఆఖరి వరుస దాకా అడుగులు వేసి కొలవండి. మామూలు నడకలో నాలుగు అడుగులకు 3 మీటర్లు. జనం ఉన్నప్పుడు ఆఖరి వరుసలో నిలబడి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో గోల చూడండి. ఫోన్ కొన్ని డెసిబెల్స్ తప్పు చూపిస్తుంది, పర్లేదు. ఫంక్షన్ హాలుకు మాత్రం రెండుసార్లు వెళ్లాలి, ముహూర్తం వేళ ఒకసారి, భోజనాల వేళ ఒకసారి. తర్వాత మీ దగ్గరున్న బాక్సు సెన్సిటివిటీతో మూడు చోట్లకూ వాట్లు లెక్కగట్టండి, 3 మీటర్ల దగ్గర ఎంత ఉంటుందో కూడా. ఆ అంకె 100 దాటిన చోట బాక్సులు ఎక్కడికి మారుస్తారో బొమ్మ గీసి పంపండి. దూరం, గోల, సెన్సిటివిటీ, వాట్లు, ఇదే వరుసలో రాయండి. వాట్లతో మొదలైన జవాబులు ఈసారి దిద్దను.