ఎండను కొలిచి గాలిలో ధూళిని పట్టుకోవడం ఎలా?

చీకటి గదిలో టార్చ్ వెలిగించి, దానికి ఎదురుగా వెళ్లి కాస్త పక్కనుంచి చూడండి. టార్చ్ వెనక నిలబడితే కనిపించని నలుసులు ఇక్కడ మెరుస్తాయి. నలుసులు కాంతిని ఎక్కువగా ముందువైపుకే చెదరగొడతాయి. ఆకాశంలోనూ ఇదే జరుగుతుంది. అలా చెదిరిన మేరకు సూటిగా వచ్చే ఎండ తగ్గుతుంది. ఆ తగ్గుదలే మనం కొలవాల్సింది.

ఆకుపచ్చ ఎల్ఈడీ, కరెంటును కొలిచే మల్టీమీటర్ ఉంటే చాలు. ఎల్ఈడీపై వెలుతురు పడితే చిన్న కరెంటు పుడుతుంది, అదీ దాదాపు తన రంగు కాంతికే. ఇలాంటి పరికరం వివరాలను అమెరికా ఔత్సాహిక శాస్త్రవేత్త ఫారెస్ట్ మిమ్స్ 1992లో ప్రచురించారు.

ఎల్ఈడీ గుండ్రటి తలను ఆకురాయితో చదును చేసి, లోపల నల్లరంగు పూసిన జానెడు గొట్టం అడుగున బిగించండి. పై మూతకు చిన్న రంధ్రం చేయండి. తీగలను మైక్రోఆంపియర్ల రేంజ్‌లో పెట్టిన మీటర్‌కు కలపండి.

సూర్యుడి వైపు కళ్లతో చూడొద్దు. గొట్టం నీడ బాగా చిన్నదయ్యేలా తిప్పితే గురి కుదురుతుంది. మీటర్‌లో కనిపించిన గరిష్ఠ అంకె రాసుకోండి. రంధ్రం మూసి వచ్చిన అంకెను అందులోంచి తీసేయండి. పల్చటి మబ్బు ఉన్నా ఆ రీడింగ్ వదిలేయండి.

ఎండ ఎంత గాలి దాటి వచ్చిందో కూడా కావాలి. చదునైన నేలపై కర్రను నిలువుగా పాతండి. దాని పైకొన నుంచి నీడ కొన దాకా దారం లాగి, ఆ పొడవును కర్ర ఎత్తుతో భాగించండి. నీడ కర్రంతే ఉంటే 1.41 వస్తుంది. నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఈ దారమే.

మబ్బుల్లేని రోజు ఉదయం నుంచి అరగంటకోసారి రీడింగులు తీసి, వాటి సహజ లాగరిథమ్‌ను (కాలిక్యులేటర్‌లో ln) దారంతో వచ్చిన ఈ గాలి అంకెకు ఎదురుగా గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే దాన్ని గాలి అంకె సున్నా అయ్యే చోటి దాకా పొడిగించండి. అక్కడ దొరికేది లాగరిథమ్; దాన్ని కాలిక్యులేటర్‌లో eˣతో తిరిగి మామూలు అంకెగా మారిస్తే, అసలు వాతావరణమే లేకపోతే వచ్చే రీడింగ్ తెలుస్తుంది. రేఖ వంగిందంటే మధ్యలో మసక మారినట్టు. తొందరపడకండి, ఇంకో రోజు చూడండి.

ఇక ఏ రోజైనా లెక్క సులువు. వాతావరణం లేని రీడింగ్ 50, ఇవాళ్టిది 30, గాలి అంకె 2 అనుకుందాం. 50/30 సహజ లాగరిథమ్ 0.51, దాన్ని గాలి అంకె 2తో భాగిస్తే 0.26. గాలి అణువుల వాటా సముద్రమట్టం దగ్గర ఆకుపచ్చ కాంతికి సుమారు 0.1. అది తీసేస్తే దాదాపు 0.16 మిగులుతుంది. ధూళి, పొగల మసక ఇదే.

ఇది పైదాకా ఉన్న గాలి మొత్తానిది, మన ముక్కు దగ్గరి గాలిది మాత్రమే కాదు. తేమ ఎక్కువైతే నలుసులు ఉబ్బి మసకను పెంచుతాయి. పక్కనే నీలం, ఎరుపు ఎల్ఈడీలు కూడా పెట్టి చూడండి. గాలి అణువుల వాటా తీసేశాక కూడా ఎరుపు కంటే నీలం బాగా తగ్గితే పొగలాంటి సన్న నలుసులు, రెండూ ఒకేలా తగ్గితే ముతక దుమ్ము.