సిక్లిడ్లను కలిపి పెంచే ముందు

సిక్లిడ్లంటే అక్వేరియంలో పెంచే ఒక చేపల కుటుంబం. ట్యాంకు పెద్దదైతే వాటిలో వేటినైనా కలిపి వదిలేయొచ్చని ఒకప్పుడు నేనూ నమ్మాను. ఆ నమ్మకం వల్ల మంచి చేపల్ని పోగొట్టుకున్నాను. అందుకే చెబుతున్నాను, ఏవి కలుస్తాయో తేల్చుకున్నాకే కొనడానికి వెళ్లండి.

కొనేటప్పుడు ఆస్కార్ అనే సిక్లిడ్ పిల్ల రెండంగుళాలే ఉంటుంది. తిండీ నీళ్లూ బాగుంటే ఏడాది తిరిగేసరికి అడుగుకు దగ్గరవుతుంది. జాక్ డెంప్సీ, గ్రీన్ టెర్రర్ అనే సిక్లిడ్లు 8 అంగుళాలు దాటగలవు. ఫైర్‌మౌత్ 6 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఇప్పుడెంత ఉందని కాకుండా, ఎదిగాక ఎంత ఉంటుందో చూసి ఏవి కలపాలో తేల్చుకోండి. నోట్లో పట్టే చేప ఏదైనా ఆస్కార్‌కు తిండే.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. అందులో ఒక ఆస్కార్, ఒక సెవరం, ఒక జాక్ డెంప్సీ, వాటికి తోడు అరడజను సిల్వర్ డాలర్ చేపలు నా దృష్టిలో సరిపోతాయి. సిక్లిడ్లలో జాతికి ఒక్కటే చాలు. తనలాంటి రంగు, తనలాంటి ఆకారం కనిపిస్తేనే సిక్లిడ్‌కు ఎక్కువ కోపం. ఫ్లవర్‌హార్న్, రెడ్ డెవిల్, జాగ్వార్ సిక్లిడ్ల జోలికి మాత్రం పోకండి, వాటిని ఒంటరిగా ఉంచడమే మేలు.

ఆఫ్రికా మలావీ సరస్సు సిక్లిడ్లను ఆస్కార్ లాంటివాటితో కలపొద్దు. మలావీ చేపలకు ఖనిజ లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు కావాలి, పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య ఉండాలి. వాటిలో రాళ్ల మీది నాచు తినే ఎంబూనాలకు ఆస్కార్ తినే మాంసాహారం పెడితే కడుపు ఉబ్బి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఎంబూనాలను పెంచే పద్ధతి కూడా వేరు. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవాటి లెక్కన కాస్త ఒత్తుగా వేస్తారు. అప్పుడు కోపం ఒక్కదాని మీదే పడకుండా చెదిరిపోతుంది.

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది జత కట్టడం. కాన్విక్ట్ అనే సిక్లిడ్ నాలుగైదు అంగుళాల చేప. కానీ గుడ్లు పెట్టిందంటే తనకు రెండింతలున్న చేపను కూడా మూలకు తరిమేస్తుంది. నా ట్యాంకులో ఒక జత సగం చోటు ఆక్రమించుకుంది, మిగతావన్నీ ఒక పక్కకు చేరి వణికాయి. రెండు చేపలు కలిసి ఒక రాయిని నోటితో శుభ్రం చేస్తున్నా, ఇసుకలో గుంత తవ్వుతున్నా ఆలస్యం చేయకండి. అడ్డుగా పలక పెట్టండి, లేదా ఆ జతను వేరే ట్యాంకుకు మార్చండి. ఆ రెండో ట్యాంకు, కొన్ని వారాలు నడిచి మంచి బ్యాక్టీరియా పట్టిన ఫిల్టర్‌తో సహా ముందే సిద్ధంగా ఉండాలి.

రాళ్లను ఇసుక పోయకముందే ట్యాంకు అడుగున నేరుగా ఆనేలా పేర్చండి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వేస్తాయి, రాయి దొర్లితే అద్దం పగులుతుంది. గాజు హీటర్‌కు తొడుగు ఉండాలి. మూత గట్టిగా ఉండాలి.

వీలైతే అన్నింటినీ పిల్లలప్పుడే ఒకేసారి వదలండి. కుదరకపోతే సాధు స్వభావమున్న చేపల్ని ముందు, దూకుడుగా ఉండేవాటిని చివర. కొత్తదాన్ని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి చూసుకున్నాకే కలపాలి. వదిలే రోజు రాళ్ల స్థానాలు మార్చేసి, లైట్లు ఆర్పేయండి. పాత చేపలు తమ హద్దుల్ని మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.

ఫైర్‌మౌత్ మొప్పలు విప్పి గొంతు ఉబ్బించడం చాలావరకు బెదిరింపే, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. దవడలు పట్టుకుని లాక్కుంటున్నా, ఒక చేప పై మూలలో కదలకుండా ఉండి తిండికి రాకపోయినా, తోక చిరిగినా తెల్లారేదాకా ఆగకండి. ఆ పూటే వేరు చేయండి.