సముద్రంలో బోయ్ డేటా తేడాగా వస్తే: సమస్య - పరిష్కారం

బంగాళాఖాతంలో లంగరేసి ఉంచిన బోయ్‌ల (నీటిపై తేలుతూ సముద్రాన్ని కొలిచే పరికరాల) డేటా శాటిలైట్ ద్వారా తీరానికి చేరుతుంది. సునామీ, సముద్ర పరిస్థితుల హెచ్చరికల కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) దాన్ని వాడుతుంది. ఇలాంటి నెట్‌వర్క్‌లో తరచూ ఎదురయ్యే మూడు చిక్కులు ఇవి.

సమస్య: లవణీయత (నీటిలో ఉప్పు మోతాదు) పడిపోయింది

వెంటనే తప్పని కొట్టేయకండి. గంగ, గోదావరి, కృష్ణ నదుల వరద కలిశాక ఇక్కడ పైపొర నిజంగానే ఉప్పు తగ్గుతుంది. తప్పు విలువలను ఏరడానికి ప్రపంచమంతటికీ ఒకే హద్దు పెట్టిన ప్రోగ్రాం ఈ అసలైన మార్పునే చెత్తగా లెక్కేస్తుంది. అందుకే మన సముద్రానికి, కాలానికి తగ్గ హద్దులు పెట్టాలి.

పక్క లోతుల్లోని సెన్సార్లు కూడా చూడండి. పైవన్నీ కలిసి తగ్గి, కిందివి మారకపోతే అది నది నీరో, వాన నీరో. ఒకే సెన్సార్ రీడింగ్ వారాల తరబడి మెల్లగా తగ్గుతూ పోతుంటే మాత్రం లోపల నాచు, గుల్లలు పేరుకుంటున్నాయని అనుమానించాలి.

పరిష్కారం: ఆ విలువలకు ‘అనుమానం’ అని గుర్తు పెట్టండి, అసలు విలువను మాత్రం చెరపొద్దు. సెన్సార్ తీసే ముందు ఓడ నుంచి అదే లోతులో మరో రీడింగ్ తీసుకోండి. ఒడ్డుకు తెచ్చాక కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి కాలిబ్రేషన్ (ప్రామాణిక కొలతతో పోల్చి చూడటం) చేయించండి. నాచు వల్ల ఎంత తేడా వచ్చిందో, సెన్సార్ దానంతట అదే ఎంత గతి తప్పిందో అప్పుడే విడిగా తెలుస్తుంది. పాత డేటాను సరిదిద్దడానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం ఉండదు. ఖర్చు చూసి ఈ పని మానేయడం నాకు అసలు నచ్చదు.

సమస్య: తేదీ దాదాపు 20 ఏళ్లు వెనక్కి వెళ్లింది

బోయ్ తేదీ తీసుకునే పాత జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1023 దాటగానే సున్నాకి వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. తీరంలోని ప్రోగ్రాంలో 7168 రోజులు (1024 వారాలు) కలపండి, కలిపినట్టు రికార్డులో రాయండి. 2038లో ఇది మళ్లీ వస్తుంది. కంప్యూటర్లలో 1970 నుంచి సెకన్లు లెక్కించే 32 బిట్ల యూనిక్స్ గడియారం నిండేదీ ఆ ఏడాదే. కొత్త పరికరాలను సముద్రంలో దించకముందే ఆ తేదీలతో పరీక్షించాలి.

సమస్య: సునామీ బోయ్ నుంచి సముద్రం అడుగున నీటి పీడనం రీడింగ్ రావడం లేదు

ముందు బోయ్ ఎక్కడుందో చూడండి. తిరగాల్సిన వలయం దాటితే లంగరు తాడు తెగి ఉండొచ్చు. పడవలు కట్టేయడం, వలలు చిక్కుకోవడం కూడా కారణాలే, కాబట్టి తీరప్రాంత మత్స్యకారులతో ముందే మాట్లాడి ఉండాలి. బోయ్ చోటు మారకపోతే, నీటి అడుగు నుంచి శబ్ద తరంగాలతో కబురు పంపే మోడెమ్‌ను, దాని బ్యాటరీని అనుమానించండి. అడుగున ఉన్న పరికరం మెమరీలో రాసుకుంటూ ఉంటే, పైకి తీశాక ఖాళీలు పూడ్చుకోవచ్చు. హెచ్చరికకు ఆ డేటా పనికిరాదు కాబట్టి స్పేర్ బోయ్ సిద్ధంగా ఉండాలి.