లెక్కలు అందరివీ – 4వ పాఠం: రెండు రుణాలు ధనమెలా అయ్యాయి?

గత పాఠం చివర ఇచ్చిన 4 × (−2)కు −8 వచ్చిందా? రాకపోతే సంఖ్యారేఖ మీద సున్న నుంచి ఎడమకు రెండేసి గడుల చొప్పున నాలుగు గంతులు వేసి చూడండి. ఆ తర్వాతే కింది భాగం చదవండి.

‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని నేనూ ఏళ్ల తరబడి వల్లె వేశాను. ఎందుకని అడిగితే ‘అది రూలు’ అన్నారు. తనకు లెక్కల బుర్ర లేదని మనిషి తేల్చేసుకునేది సరిగ్గా ఇలాంటి చోటే. లోపం బుర్రది కాదు, మధ్యలో ఎవరో ఎగరగొట్టిన మెట్టుది.

పైగా ఇది తేలిక మెట్టు కూడా కాదు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ధనం, రుణం (అంటే అప్పే) అన్న మాటలతో ఈ సూత్రం రాశాడు. అయినా 1758లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మసేరెస్ అనే గణితజ్ఞుడు రుణ సంఖ్యలను కాదంటూ ఏకంగా పుస్తకమే వేశాడు. మీరు తడబడితే సిగ్గెందుకు?

ఇక కాగితం తీయండి.

3 × (−2) = −6
2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0
(−1) × (−2) = ?

ఎడమ సంఖ్య ఒకటి తగ్గినప్పుడల్లా జవాబు రెండు పెరుగుతోంది. కాబట్టి తర్వాతిది 2.

వరుస కుదిరినంత మాత్రాన నమ్మాలా అని మీకు అనిపిస్తే, సంతోషం. ఆ అనుమానమే గణితం. ఇలా చూడండి: 1 + (−1) అంటే సున్న. సున్నను −2తో గుణించినా సున్నే. అంటే (1 + (−1)) × (−2) = 0. ఇప్పుడు ఆ కుండలీకరణం (బ్రాకెట్) లోపలి 1, −1 రెండింటినీ −2తో విడివిడిగా గుణిద్దాం (బడి పుస్తకాల్లో దీన్నే విభాగ న్యాయం అంటారు): 1 × (−2), దానికి (−1) × (−2) కలిపితే సున్న రావాలి. మొదటిది −2. దానికి ఎంత కలిపితే సున్న? 2 ఒక్కటే. మరే జవాబిచ్చినా, ధన సంఖ్యలతో ఇన్నాళ్లూ నడిచిన గుణకారం ఇక్కడ కుంటుతుంది.

వల్లె వేసినవారికి ఇంకో చిక్కు ఉంది. (−4) + (−3) ఎంతంటే ఆ పాట గుర్తొచ్చి 7 అనేస్తారు. నాలుగు రూపాయల అప్పు మీద మూడు రూపాయల అప్పు చేస్తే చేతికి ఏడు రూపాయలు రావు. జవాబు −7. మనం సాధించింది గుణకారం సంగతి మాత్రమే.

అభ్యాసం: (−3) × (−5)ను పైన చూపిన వరుసలోనే రాయండి. ఆ తర్వాత (−6) + (−2), (−6) × (−2) పక్కపక్కన వేయండి. 5వ పాఠం భాగహారం. ఓపిక ఉంటే ఈలోగా (−12) ÷ (−4)ను మీరే ప్రయత్నించండి: −4ను ఎంతతో గుణిస్తే −12 వస్తుంది?