సీహెచ్‌ఓ పోస్టుకు దరఖాస్తు: నోటిఫికేషన్ రాకముందే నర్సులు చేసుకోవాల్సిన పని

కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే చివరి తేదీకి చాలాసార్లు రెండు వారాలు కూడా గడువుండదు. కావాల్సిన కాగితాలు మాత్రం తలో చోట ఉంటాయి. ఒకటి నర్సింగ్ కౌన్సిల్‌లో, ఒకటి చదివిన కాలేజీలో, ఒకటి సచివాలయంలోనో మీసేవలోనో, మరొకటి చిన్నప్పుడు చదివిన బడిలో. ఫారం నింపడానికి గంట చాలు. ఈ కాగితాలు పోగేయడానికే నెలలు పడుతుంది. అందుకే ఇక్కడ ఫారం గురించి తక్కువ, దాని ముందు పని గురించి ఎక్కువ చెబుతున్నాను.

ఏమిటీ పోస్టు?

కేంద్రం కాగితాల్లో సీహెచ్‌ఓ అంటారు. మన జిల్లాల్లో ఎంఎల్‌హెచ్‌పీ అన్న మాటే ఎక్కువ వాడుకలో ఉంది, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. రెండూ ఒకటే. 2017 జాతీయ ఆరోగ్య విధానం సబ్‌సెంటర్లను, అంటే ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాలను, బలోపేతం చేయాలంది. ఆ తర్వాత ఏడాది, 2018 ఏప్రిల్ 14న, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ మొదలైంది. 2023 చివర్లో వీటి పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్ అన్నా, తెలంగాణలో పల్లె దవాఖానా అన్నా దాదాపు ఇదే ఏర్పాటు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది లెక్క. ఆ సెంటర్‌కు పెద్ద సీహెచ్‌ఓ. చేతికింద, లేదా పక్కన అనడం మర్యాద, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉంటారు.

ఇది నేషనల్ హెల్త్ మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) కింద ఉండే కాంట్రాక్టు ఉద్యోగం. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం నెలకు స్థిరంగా 25,000 రూపాయలు, పనితీరును బట్టి గరిష్ఠంగా 15,000 ఇన్సెంటివ్. రాష్ట్రాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. తెలంగాణలో 2022లో 1,569 పోస్టులు వేసినప్పుడు డాక్టర్లకు 40,000, నర్సులకు 29,900గా ప్రకటించారు. ఇన్సెంటివ్ ప్రతి నెలా పూర్తిగా వస్తుందని లెక్కేసుకుని ఈఎంఐలు మాత్రం పెట్టుకోకండి. అది పనికి పెట్టిన లక్ష్యాలు చేరితేనే వచ్చే డబ్బు.

ఎవరు అర్హులు?

ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు. నర్సింగ్ చదివి కౌన్సిల్‌లో నమోదైతే చాలదు. కమ్యూనిటీ హెల్త్‌లో శిక్షణ కూడా ఉండాలి. ఆ శిక్షణ రెండు దారుల్లో వస్తుంది. బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లోనే కలిసి ఉండటం ఒక దారి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఈ పాఠ్యభాగాన్ని బీఎస్సీలో చేర్చింది, 2021-22లో మొదలైన సెమిస్టర్ విధానంలోనూ అది ఉంది. ఇంకో దారి, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా పాత సిలబస్ బీఎస్సీ తర్వాత ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) నడిపే కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ ఇలాంటిదే. ఆ బ్యాచ్‌లకు అభ్యర్థులను చాలావరకు రాష్ట్రాల ఎన్‌హెచ్‌ఎంలే ఎంపిక చేసి, బాండు రాయించుకుని, జిల్లా ఆస్పత్రుల్లోని స్టడీ సెంటర్లకు పంపాయి. కాబట్టి మీరు సొంతంగా డబ్బు కట్టి ఎక్కడైనా చేరే ముందు, ఆ సర్టిఫికెట్‌ను నోటిఫికేషన్‌లో గుర్తిస్తున్నారా లేదా అని పాత నోటిఫికేషన్ ఒకటి తెరిచి చూసుకోండి. పట్టణాల్లో సందుసందుకూ కనిపించే సీఎంఎస్ అండ్ ఈడీ (కమ్యూనిటీ మెడికల్ సర్వీసెస్ అండ్ ఎసెన్షియల్ డ్రగ్స్) లాంటి కోర్సుల పేరులోనూ కమ్యూనిటీ అన్న మాట ఉంటుంది. అవి ఈ పోస్టుకు పనికిరావు.

బీఎస్సీలో కలిసే చదివినవాళ్లు ఒక పని మర్చిపోతారు. మార్కుల మెమోలో ఆ శిక్షణ సంగతి విడిగా కనిపించకపోవచ్చు. మీ బ్యాచ్‌కు ఇంటిగ్రేటెడ్ సిలబస్ వర్తించిందని ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ధ్రువపత్రం ముందే తీసుకోండి. కాలేజీ వదిలి రెండేళ్లయ్యాక అడిగితే గుమస్తా నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ కొత్తవాళ్లే ఉంటారు.

ఆయుర్వేద డాక్టర్లను కూడా ఈ పోస్టులకు తీసుకుంటారు. తెలంగాణ 2022 ప్రకటనలో ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వాళ్లకు ముందు వరస, నర్సులకు ఆ తర్వాత. ఇలాంటి షరతు ఉందేమో చూశాకే ఖాళీల సంఖ్యను చూసి ఆశ పెట్టుకోవాలి.

కౌన్సిల్ రిజిస్ట్రేషన్

ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఆర్‌ఎం (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రెండూ ఉండాలి, గడువు దాటకూడదు, అదీ దరఖాస్తు చేస్తున్న రాష్ట్ర కౌన్సిల్‌లో ఉండాలి. బెంగళూరులో నర్సింగ్ చదివి వచ్చిన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లు కర్ణాటక కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ మళ్లీ నమోదు కావాలి. ఒక కౌన్సిల్ రెండో కౌన్సిల్‌కు రాసి వెరిఫై చేసుకునే పద్ధతి ఇది. నోటిఫికేషన్ చూశాక మొదలుపెడితే అందదు.

పేరు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఒట్టి ఇనీషియల్. మనలో సగం మందికి ఇదే కథ. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించుకోండి. నర్సుల జాతీయ రిజిస్టర్ కూడా ఆధార్‌తో ముడిపడి ఉంది కాబట్టి ఆ దిద్దుబాటు ఎలాగూ తప్పదు. మార్చడం కుదరకపోతే పెళ్లి ధ్రువపత్రం, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని గెజిటెడ్ అధికారి సంతకంతో ఉన్న ధ్రువీకరణ దగ్గర పెట్టుకోండి.

స్థానికత, కులం, ఆదాయం

ఆంధ్రప్రదేశ్‌లో 4 నుంచి 10వ తరగతి వరకు, తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఒకే బడిలో చదివినవాళ్లు అదృష్టవంతులు. నాన్న బదిలీల వల్ల నాలుగు బళ్లు మారినవాళ్లు నాలుగు చోట్లకూ వెళ్లాల్సిందే. బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డుల కోసం అడగండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, నిరుడు తీసుకున్నది పెట్టకండి. బీసీలు క్రీమీలేయర్ కాదన్న పత్రం విడిగా తెచ్చుకోవాలి.

ఫారం

ఆంధ్రప్రదేశ్‌లో వైద్య ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా, మరికొన్నిసార్లు జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో నేరుగా తీసుకుంటారు. మీ సొంత ఫోన్ నంబరు, మీ సొంత మెయిల్ ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లది కాదు. హాల్ టికెట్, కౌన్సెలింగ్ తేదీ అన్నీ దానికే వస్తాయి. ఫీజు రసీదు, నింపిన ఫారం ప్రింటు దాచుకోండి. పోస్టు ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కూ పుట్టుకొస్తారు. మెరిట్ జాబితాను, రోస్టర్‌ను (రిజర్వేషన్ల వరసను) బోర్డు మీద అంటించే చోట వాళ్లు చేయగలిగేదేమీ లేదు.

పరీక్షకు దేని మీద గురి పెట్టాలి?

ఎంపిక మార్కుల మెరిట్‌తోనా, రాత పరీక్షతోనా అన్నది నోటిఫికేషన్ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ 2022లో 1,681 పోస్టులకు రాత పరీక్ష పెట్టింది. వార్డులో పదేళ్లు చేసిన సిస్టర్లు కూడా ఇక్కడ వెనకబడతారు. మందులు, మోతాదులు నోటికొచ్చు, కానీ జనాభా లెక్క అడిగితే తికమక పడతారు.

ఒక ఉదాహరణ. మీ సెంటర్ పరిధిలో 30 ఏళ్లు దాటినవాళ్లు 2,000 మంది అనుకుందాం. 1,400 మందికి స్క్రీనింగ్ చేశారు. 210 మందికి బీపీ ఉందని తేలింది. వాళ్లలో ఈ నెల మందులకు వచ్చినవాళ్లు 150. వచ్చినవాళ్లలో 90 మందికి బీపీ 140/90 లోపు ఉంది. సెంటర్‌కు వచ్చినవాళ్ల మీద భాగిస్తే 60 శాతం అదుపులో ఉన్నట్టు, బాగానే ఉంది. నమోదైన 210 మీద భాగిస్తే 43 శాతం. ఇక స్క్రీనింగే కాని 600 మందిలో ఎంతమందికి ఉందో ఎవరికీ తెలియదు. వార్డు నర్సుకు తన ముందున్న మంచం కనిపిస్తుంది. ఈ ఉద్యోగంలో రాని 60 మంది, చూడని 600 మంది గురించే అడుగుతారు, పరీక్షలోనూ, తర్వాత రివ్యూ మీటింగులోనూ.

అందుకే సీబ్యాక్ ఫారం బాగా చదవండి. ఆశా ఇంటింటికీ తిరిగి 30 దాటినవాళ్లకు నింపే చెక్‌లిస్టు అది. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా అన్నవాటికి మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే ముందుగా స్క్రీనింగ్‌కు పిలవాలి. దాటకపోయినా పిలవాలి, వరస మాత్రమే మారుతుంది. నడుము కొలతలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మార్కు పడుతుంది. చీర మీద నుంచి టేపు చుట్టి కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు, ఆశాకు నేర్పాల్సింది మీరే. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్, ఈ-సంజీవనిలో (ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) రోగిని డాక్టరుతో మాట్లాడించడం, సెంటర్లో చేసే 14 రకాల పరీక్షలు, 105 మందుల జాబితా, ఇవన్నీ సిలబస్‌లో భాగమనుకోండి.

మీ పరిధి ఎక్కడిదాకా అన్నదీ ప్రశ్నగా వస్తుంది. బీపీ, షుగర్ అనుమానిస్తే పీహెచ్‌సీ డాక్టరు నిర్ధారించి మందు మొదలుపెట్టాలి. ఆ మందును నెలనెలా ఇవ్వడం, కొలతలు చూడటం, తగ్గకపోతే వెనక్కి పంపడం మీ పని.

ఎంపికయ్యాక

కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్‌తో పాటు స్వయంగా సంతకం చేసిన జిరాక్సులు రెండు సెట్లు తీసుకెళ్లండి. ఖాళీల జాబితా ముందు రోజు పెడితే, మ్యాపు చూసి సరిపెట్టుకోకుండా ఆ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. సెంటర్‌కు సొంత భవనం ఉందా, నీళ్లున్నాయా, ఫోన్‌కు సిగ్నల్ అందుతుందా అన్నది అక్కడి ఏఎన్‌ఎంను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది. సిగ్నల్ లేకపోతే పోర్టల్ ఎంట్రీలన్నీ ఇంటికెళ్లి రాత్రిపూట చేయాల్సి వస్తుంది.

చేరిక పత్రం పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఇస్తారు. మొదటి వారంలో ఏఎన్‌ఎం దగ్గర కూర్చోండి. పదిహేనేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆమెకు మీరు అధికారిగా వస్తున్నారు, అక్కా అని పిలిచి అడిగితే ఏ రిజిస్టర్‌లోనూ లేనిది కూడా చెబుతుంది. హైరిస్క్ గర్భిణుల జాబితా, బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్ల జాబితా (లైన్ లిస్టు), టీబీ మందులు వాడుతున్నవాళ్ల పేర్లు ముందుగా తీసుకోండి. మందుల స్టాకు అప్పగిస్తున్నప్పుడు ఒక్కో పెట్టె తెరిచి లెక్కపెట్టి, గడువు తేదీ చూశాకే రిజిస్టర్‌లో సంతకం చేయండి. గడువు తీరినవి ఉంటే అదే పేజీలో సంఖ్య రాసి, అప్పగించిన వాళ్ల సంతకం కూడా తీసుకోండి.