స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చాక మనసు దిగులుపడకుండా ఎలా చూసుకోవాలి

గుండెపోటు వచ్చి, స్టెంటు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించుకుని ఇంటికి చేరిన మనిషిని మొదటి వారంలో ఎక్కువ భయపెట్టేది పరామర్శకు వచ్చే చుట్టాలే. కూర్చుని మంచినీళ్లు తాగీ తాగకముందే "మా చిన్నబావకీ ఇలాగే స్టెంటు వేశారు, పాపం ఏడాది తిరక్కుండానే..." అని మొదలుపెడతారు. అది విన్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు, తెల్లారి నాలుగడుగులు వేసొద్దాం రమ్మంటే "ఇంకేం లాభంలే" అంటాడు. ఆ మాట దగ్గరే జాగ్రత్తపడాలి.

బాగవుతానన్న ఆశకీ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉంది, ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు. 2019లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో 15 అధ్యయనాలను, అంటే సుమారు 2 లక్షల 29 వేల మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. మంచే జరుగుతుందని నమ్మే స్వభావం ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి మిగతావాళ్లకన్నా 35 శాతం తక్కువగా కనిపించాయి. అలాగని ఆశ పెంచుకుంటే చాలు, ముప్పు అంత తగ్గిపోతుందని రుజువైనట్టు కాదు, రెండిటికీ సంబంధం ఉందని మాత్రమే తేలింది. కారణాలు కొంత తెలిసినవే: ఎప్పుడూ టెన్షన్‌లో ఉంటే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి, వాటితో బీపీ, గుండె వేగం పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే గుణం కూడా ఎక్కువవుతుంది. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. బాగవుతానన్న నమ్మకం ఉన్నవాడు మాత్ర మర్చిపోడు, సిగరెట్ మానేస్తాడు, చెకప్‌కి వెళ్తాడు.

కాబట్టి నమ్మకాన్ని చేతికందేంత చిన్న పనులతో మొదలుపెట్టండి. "ఆరోగ్యంగా ఉండాలి" అనుకుంటే ఏ రోజు ఎంత సాధించామో తెలియదు. డాక్టర్ ఎంత నడవమన్నారో అడిగి, "ఈ వారం వీధి చివర కిరాణా కొట్టు దాకా, వచ్చే వారం గుడి దాకా" అని పెట్టుకోండి. వెళ్లొచ్చిన రోజు గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీకి టిక్కు పెట్టండి. నెల తిరిగేసరికి ఆ టిక్కులు చూస్తే వచ్చే ధైర్యం ఎవరి ఓదార్పుతోనూ రాదు. ఎక్కడి దాకా నడవచ్చు, మెట్లు ఎప్పుడెక్కచ్చు, భార్యాభర్తలు ఎప్పుడు కలవచ్చు అన్నవి సిగ్గుపడకుండా డాక్టర్నే అడగండి, సగం భయం అడగకపోవడం వల్లే.

బీపీ మిషన్ ఇంట్లో ఉంటే దానితోనే కొత్త భయం పట్టుకుంటుంది. కాఫీ తాగిన అరగంట దాకా చూడకండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలమీద ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి పుస్తకంలో రాసి మిషన్ మూసేయండి. అంకె ఎక్కువొచ్చిందని మళ్లీ మళ్లీ చూస్తే ఆ కంగారుకే ఇంకాస్త పెరుగుతుంది. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టర్ని ముందే అడిగి అదే పేజీలో పైన రాసుకోండి. దడగా అనిపిస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు చాలు.

ఇంట్లోవాళ్లకో మాట. పరామర్శకు వచ్చినవాళ్లు చావు కబుర్లు ఎత్తితే మొహమాటపడకండి, "పిన్నీ, ఆ సంగతులు ఇప్పుడొద్దు, పిల్లల కబుర్లు చెప్పు" అని అక్కడే ఆపేయండి. అలాగే అన్నం దగ్గర "ఉప్పు వద్దన్నానా, మళ్లీ ఆసుపత్రికి పోతారా" అని అరిస్తే ఆ మనిషి మీ కంటపడకుండా తింటాడు. "ఇవాళ ఆవకాయ లేకుండానే తిన్నారు, రేపు పప్పులో నిమ్మకాయ పిండుతాను" అని చూడండి, ఆ ఒక్క మాటకే ముఖం మారుతుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర లేకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉంటే అది మనోబలం తక్కువై కాదు, డిప్రెషన్ అయి ఉండొచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది, దీనికి వైద్యం ఉంది. గుండె డాక్టర్‌కే చెప్పండి, లేదా టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇంకొకటి, "నాకేం కాదులే" అనే మొండితనాన్ని ఆశ అనుకోకండి. ఒంట్లో బాగుందని రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు, ఏ మాత్రైనా డాక్టర్ ఆపమంటేనే ఆపాలి. ఛాతీ బరువుగా పట్టేసినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా గ్యాసేమోలే అని సోడా తాగి కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.