నీళ్లలో తేడా ఉందా? ముందు అవి వచ్చిన దారి చూడండి

నీళ్లు బాగోలేవనగానే ఫిల్టర్ కొనేస్తాం. ఆ తేడా నీళ్లకు ఎక్కడ అంటుకుందో తెలియకపోతే ఎంత ఖరీదైన ఫిల్టరైనా దండగే.

తోడినప్పుడు తేట, తర్వాత ఎరుపు

గ్లాసులో పట్టి పక్కన పెట్టండి. మొదట అద్దంలా ఉంటాయి. కాసేపటికి మసకబారి, తెల్లారేసరికి అడుగున ఇటుక పొడిలాంటి మడ్డి దిగుతుంది. భూమి లోపల ఆక్సిజన్ అందని చోట ఇనుము నీళ్లలో కరిగి కంటికి కనిపించకుండా ఉంటుంది. గాలి తగిలాక తుప్పుగా మారి విడిపోతుంది. విరుగుడు కూడా గాలే. నీళ్లను జల్లులా పడనిచ్చి, తేరుకున్నాక ఇసుకలో వడకట్టాలి. అలా కాకుండా, ట్యాప్ తిప్పగానే ఎర్రగా వచ్చి రెండు నిమిషాలకే తేటపడితే మాత్రం పైపును అనుమానించండి.

గిన్నెకు తెల్ల గార, నురగ రాని సబ్బు

వాన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, కాలుష్యం లేని చోట కూడా పీహెచ్ (పులుపు కొలత) 5.6 దగ్గర కాస్త పుల్లగానే దిగుతాయి. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే అదే గ్యాస్ ఇంకా కలిసి, సున్నపురాయిని కరిగించే శక్తి వస్తుంది. మరిగిస్తే ఆ గ్యాస్ పోతుంది, సున్నం మళ్లీ రాయై గిన్నెను పట్టుకుంటుంది. గార మీద వెనిగర్ వేస్తే బుడగలొస్తాయి. పోయిన గ్యాసే అది! మరిగించి తేర్చినా నురగ రాలేదంటే జిప్సం లాంటి సల్ఫేట్లు ఉన్నట్టు. వాటికి సాఫ్ట్‌నరే (నీళ్ల కాఠిన్యం తీసే పరికరం) గతి.

ఉప్పదనం

1970లో గిబ్స్ అనే శాస్త్రవేత్త ఉపరితల జలాల రసాయనాన్ని మూడు మాటల్లో తేల్చాడు: వాన, రాయి, ఆవిరి. చెరువు ఎండల్లో ఉప్పనై వానలకు తగ్గితే కారణం ఆవిరి. తీరం దగ్గరి బోరులో తోడేకొద్దీ ఉప్పు పెరుగుతుంటే సముద్రం లోపలికి వస్తోందేమో చూడాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, కొంచెం కలిసినా చాలు. మోటారు నడిపే సమయం తగ్గించండి, బోరు ఇంకా లోతుకు వేయించకండి.

కుళ్లిన గుడ్డు వాసన

ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. గాలి పట్టిస్తే చాలావరకు పోతుంది. వేడి నీళ్లలోనే వస్తే గీజర్ చూడండి.

ఏ తేడా కనిపించకపోవడం

నాకు టెన్షన్ దీంతోనే. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్‌లకు రంగు, వాసన ఉండవు. సున్నంలో ఉండే కాల్షియం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి నీళ్లలోంచి విడిపోతుంది కాబట్టి, గ్రానైట్ నేలల్లో సబ్బు బాగా నురగొచ్చే మెత్తటి నీళ్లలోనే అది ఎక్కువుండొచ్చు. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్‌కు 50. మరిగిస్తే నీరు తగ్గి ఇవి ఇంకా చిక్కబడతాయి. టీడీఎస్ మీటర్ మొత్తం ఉప్పుల అంచనా చెబుతుంది తప్ప ఏది ఎంతో చెప్పదు. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ఈ మూడింటినీ పేరు పెట్టి అడగండి. ఫ్లోరైడ్ తేలితే యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికలు) ఉన్న ఫిల్టర్ గానీ ఆర్‌ఓ గానీ పెట్టించాలి.